రైల్వే కార్మిక సంఘం నుండి పార్లమెంటుకు – వి.వి.గిరి గారు

మా బడిలో పెద్ద తరగతి పిల్లలు భారత రాష్ట్రపతుల పేర్లు గడగడా అప్పజెబుతారు. ఆ వరసలో వి.వి.గిరి అనే పేరు కూడా ఆగకుండా దాటిపోతుంది. రాష్ట్రపతి భవనానికి వెళ్ళడానికి చాలా ముందే ఆయన రైల్వే కూలీల తరఫున వాదించిన సంఘం నాయకుడు. ఈ పాఠంలో ఆ గిరి గారి గురించి తెలుసుకుందాం.

వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఈనాడు అది ఒడిషాలో ఉంది, ఆనాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కొడుకు కూడా వకీలు కావాలని 1913లో ఐర్లండుకు పంపారు. మీ అమ్మానాన్నలు చదువుకోసం విమానమెక్కినట్టే, ఆయన ఓడ ఎక్కారన్నమాట.

ఆయన డబ్లిన్‌లో దిగిన ఏడాదే అక్కడ పెద్ద లాకౌట్ జరిగింది. లాకౌట్ అంటే పనివాళ్ళు పని మానడం కాదు, యజమానులే గేట్లు మూసి పనివాళ్ళను బయటికి నెట్టడం. సంఘంలో చేరినందుకు దాదాపు 20 వేలమంది వీధిన పడ్డారు. తరువాత 1916లో ఐరిష్ తిరుగుబాటు జరిగింది. ఐరిష్ ఉద్యమకారులతో స్నేహం ఉన్న గిరి గారిని దేశం వదిలి పొమ్మన్నారు. బారిస్టరు పట్టాతో ఇంటికి వచ్చారు గానీ, మనసు కోర్టులో ఎక్కువకాలం నిలవలేదు.

అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అని ఒక కంపెనీ ఉండేది. ఖరగ్‌పూర్‌లో దాని పెద్ద వర్క్‌షాపు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి పనికోసం అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు ఎందరో. ఈనాటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు వినిపిస్తుంది. మనలాగే సొంతూరు వదిలి వెళ్ళినవాళ్ళు! గిరి గారు ఆ కార్మికుల సంఘాన్ని నడిపారు. కంపెనీ పనివాళ్ళను తీసేసినప్పుడు 1927-28లో జరిగిన పోరాటంలో వాళ్ళవెంట నిలిచారు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్‌ను నిర్మించినవారిలో ఆయన ముఖ్యులు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1937 ఎన్నికలలో, అప్పటికి మద్రాసు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజా గారిని ఆయన సొంత గడ్డమీదే ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మికమంత్రి అయ్యారు. స్వాతంత్య్రం వచ్చాక సిలోనులో మన హైకమిషనరుగా పనిచేసి, 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు గెలిచారు. నెహ్రూ గారు ఆయనకు కార్మికశాఖ ఇచ్చారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఆ తీర్పును మార్చి, ఉద్యోగులకు దక్కేది తగ్గించింది. గిరి గారు ఒప్పుకోలేదు. తీర్పుకు కట్టుబడమని కార్మికులకు చెప్పి, నచ్చనప్పుడు ప్రభుత్వమే దాన్ని దిద్దితే ఎలా? ఆయన రాజీనామా చేశారు. మా దృష్టిలో ఆయన చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది, రాష్ట్రపతి కావడం కన్నా కూడా.

1957లో ఆయన పార్వతీపురంలో ఓడిపోయారు. ఆ ఓటమి లెక్క తమాషాగా ఉంటుంది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు ప్రత్యేకించినది, రెండోది అందరిదీ. ఇద్దరు గిరిజన అభ్యర్థులకు గిరి గారికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. వారిలో ఒకరికి ప్రత్యేక సీటు, రెండోవారైన డిప్పల సూరిదొర గారికి సాధారణ సీటు దక్కాయి. గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో కోర్టు సూరిదొర గారి గెలుపే సరి అంది. గిరిజనుడు సాధారణ సీటుకు కూడా అర్హుడే కదా! కార్మికుల హక్కులకోసం అంత పోరాడిన మనిషి ఈ దావా వేయకుండా ఉంటే బాగుండేదని మాకనిపిస్తుంది.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా ఉన్నారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక నీలం సంజీవరెడ్డి గారిపై గెలిచి రాష్ట్రపతి అయ్యారు. పోటీపడిన ఇద్దరు ప్రముఖులూ తెలుగువారే.

ఆయన పదవీకాలం చివరి ఏడాది, 1974 మే 8న, దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. ముందు నిలిచినది ఆయన కట్టిన ఫెడరేషనే. అప్పటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్ సహా వేలమందిని జైళ్ళలో పెట్టారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవాలి. పాత సంఘం నాయకుడు ఆ రోజుల్లో ఏంచేసి ఉండాల్సింది అని అడిగితే మా తరగతి రెండుగా చీలింది. మే 27న సమ్మె విరమించారు.

ఇంటిపని: మీ తాతయ్యలకు, అమ్మమ్మలకు ఫోన్ చేసినప్పుడు 1974 రైల్వే సమ్మె గుర్తుందేమో అడగండి. వాళ్ళు చెప్పినది అయిదు వాక్యాల్లో, తెలుగులో రాసుకుని రండి.