స్కూటరు మీద మూట - కొంచెం భౌతికశాస్త్రం

మన ఊళ్లలో స్కూటరు మోయని వస్తువంటూ లేదు. గ్యాసు బండ, బియ్యం బస్తా, పాల క్యాన్లు, భార్యాభర్తలు, వారి మధ్య ఒక పిల్ల, ముందు నిలబడ్డ పిల్లవాడు - అన్నిటినీ పాపం అది నోరెత్తకుండా మోసింది. అలాంటప్పుడు శని, ఆదివారాల ర్యాలీకి రెండు జతల బట్టలూ ఒక దుప్పటీ కట్టుకుపోవడానికి ఒక వ్యాసం కావాలా అని మిత్రులు నవ్వవచ్చు. కావాలనే నా మనవి. బజారు నుంచి ఇంటికి నెమ్మదిగా రెండు కిలోమీటర్లు రావడం వేరు, మోటారు సైకిళ్ల గుంపులో కలిసి హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం దాకా సుమారు 150 కిలోమీటర్లు పోవడం వేరు. మొదటిదానిలో కట్టు వదులైతే మూట పడుతుంది. రెండోదానిలో మనిషి పడతాడు.

బండి స్వభావం

మూట కట్టేముందు బండి సంగతి తెలియాలి. మన గేర్ల స్కూటర్లలో చాలావాటికి మూలపురుషుడు ఇటలీ దేశపు వెస్పా. 1946లో దాన్ని రూపొందించిన కొరాడీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయన గొలుసు లేకుండా ఇంజనును వెనుక చక్రం పక్కనే, కుడివైపున అమర్చాడు. 1972 నుంచి మూడు దశాబ్దాలకు పైగా మన దేశంలో తయారైన బజాజ్ చేతక్ కూడా ఆ వంశంలోదే. (2020లో అదే పేరుతో వచ్చింది బ్యాటరీ బండి, దాని కథ వేరు.) ఇప్పటి గేర్లు లేని పెట్రోలు స్కూటర్లలోనూ ఇంజను ఉండేది వెనుక చక్రం దగ్గరే.

అంటే ఏమిటి? బండి బరువులో ఎక్కువ భాగం ముందే వెనుక ఉంది. దానిపైన మనం కూర్చునేదీ వెనుకకే. స్నేహితుడు ఎక్కేదీ వెనుకే. మూట కూడా వెనుక క్యారియరు మీదే పెడితే పాపం ముందు చక్రానికి మిగిలేది ఏముంది?

చిన్న లెక్క

ఇంటర్మీడియెట్‌లో చదివిన బల భ్రామకం ఇక్కడ పనికొస్తుంది. స్కూటరు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 120 సెంటీమీటర్లు. 20 కిలోల మూటను వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్లు అవతల, క్యారియరు మీద కట్టామనుకుందాం. 20ని 30తో హెచ్చవేసి 120తో భాగిస్తే 5. అంటే ముందు చక్రం మీది నుంచి 5 కిలోల భారం లేచిపోయింది. వెనుక చక్రం మీద 25 కిలోలు పడింది. అదే మూటను రెండు ఇరుసులకు నట్టనడుమ, కాళ్ల దగ్గర పెడితే ముందు 10, వెనుక 10. మూట ఒకటే, బరువు ఒకటే. చోటు మారింది, అంతే!

ముందు చక్రం తేలికైతే హ్యాండిలు చేతిలో వణుకుతుంది, మలుపులో బండి మాట వినదు. వెనుక భాగం కుంగితే రాత్రిపూట హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. మనకు దారి కనపడదు, ఎదుటివాడికి కళ్లు కనపడవు.

ఏది ఎక్కడ

బరువైనది కిందికీ నడుమకూ, తేలికైనది పైకీ వెనుకకూ - ఇదే సూత్రం. పానాలు, స్పార్కు ప్లగ్గు, ప్లగ్గు పానా, క్లచ్చి, గేరు, ఆక్సిలరేటరు కేబుళ్లు, ఒక బల్బు, ఇన్సులేషన్ టేపు ఎడమవైపు డిక్కీలోకి. కుడివైపు ఇంజను బరువుకు అది కొంత జవాబు కూడా. నీళ్ల సీసాలు, తిండి సంచి కాళ్ల దగ్గర. కాని కుడికాలి బ్రేకు పెడలు కిందికి ఏదీ జరగకూడదు. దుప్పటి, బట్టలు క్యారియరు మీద, పరుపు చుట్టలా అడ్డంగా, సీటు ఎత్తు దాటకుండా. వానకోటు అన్నిటికన్నా పైన. వాన మొదలయ్యాక మూట విప్పేవాడు బట్టలన్నీ తడుపుకుంటాడు.

రెండు పక్కలా సంచులు వేలాడదీస్తే కావడి న్యాయం పాటించాలి. ఇటు ఎంతో అటూ అంతే. వెనుక కూర్చునే మిత్రుడు వీపున సంచి తగిలించుకుంటే ఆ బరువంతా ఇరుసు దాటి వెనక్కి పోతుంది. దాన్ని ఇద్దరి మధ్య సీటు మీద ఆనించుకోవడం మేలు.

కట్టడానికి పాత సైకిలు ట్యూబు చీలికలకు మించినవి లేవు. సాగుతాయి, పట్టు వదలవు. ఏ తాడైనా సరే, కొస వేలాడకూడదు. చక్రంలో చున్నీ, చీర కొంగు చుట్టుకుని ప్రాణాలు పోవడం మనం వింటూనే ఉన్నాం. తాడు కొసకూ చక్రానికీ అదే చుట్టరికం.

స్టెప్నీ, గాలి, నూనె

మోటారు సైకిలు వాళ్లకు లేని భాగ్యం మనకొకటి ఉంది - స్టెప్నీ. అందులో గాలి ఉందో లేదో బయల్దేరకముందే చూడాలి. ఈ చక్రం రిమ్ము రెండు చిప్పలను కలిపి బిగించినది. పంక్చరు వేసేటప్పుడు గాలి పూర్తిగా తీయకుండా ఆ చిప్పల నట్లు విప్పారో, రిమ్ము ఎగిరి ముఖానికి కొడుతుంది. వెనుక మనిషీ మూటా ఉన్నప్పుడు వెనుక టైరులో గాలి ఎక్కువ ఉండాలి. ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

పాత టూ స్ట్రోకు బండికి పెట్రోలులో 2 శాతం నూనె, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కలపాలి. లీటరుకు 40 కిలోమీటర్లు వస్తుందనుకుంటే సాగరానికి రానూపోనూ ఏడున్నర లీటర్లు, 150 మిల్లీలీటర్ల నూనె. ఆ నూనె ఈ రోజుల్లో ప్రతి బంకులోనూ దొరుకుతుందని నమ్మకుండా చిన్న సీసా వెంట ఉంచుకోండి. పెట్రోలు మాత్రం ప్లాస్టిక్ సీసాలో మోయవద్దు.

గుంపులో మర్యాద

మూట బాగా కట్టినంత మాత్రాన బండి గుణం మారదు. స్కూటరు చక్రం చిన్నది. మోటారు సైకిలు దాటేసే గుంటలో ఇది దిగబడుతుంది. పైగా వేగం 40 నుంచి 60కి పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లవుతుంది. కనుక ర్యాలీలో స్కూటర్లను ముందు నడవనివ్వాలి. వాటి వేగమే గుంపు వేగం కావాలి. వెనుకబడతామేమో అన్న రోషంతో ఆక్సిలరేటరు తిప్పిన కుర్రవాడికి ఏ సూత్రమూ అడ్డుపడదు. ఇద్దరికీ హెల్మెట్లు తప్పనిసరి. అది మూటలో కట్టే వస్తువు కాదు, తలకు పెట్టేది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం, మూటలన్నీ కట్టి, వెనుక మిత్రుణ్ణి కూర్చోబెట్టుకుని కాలేజీ మైదానంలో రెండు చుట్లు తిరగండి. ఒకసారి గట్టిగా బ్రేకు వేయండి. ఏది జరిగిందో, ఏది ఊగిందో తెలిసిపోతుంది. మర్నాడు ఇబ్రహీంపట్నం దగ్గర టీకి ఆగినప్పుడు తాళ్లన్నీ మళ్లీ బిగించండి. దుప్పటి అణిగి కట్టు వదులయ్యేది ఆ మొదటి గంటలోనే.

అన్నీ సర్దాక ఒక్కొక్క వస్తువునూ చూసి ఇది లేకపోతే రెండురోజులు గడవదా అని అడగండి. గడుస్తుందనిపిస్తే ఇంట్లోనే ఉంచండి. బండి మీద ఎక్కని బరువుకు లెక్కా అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు.