మాట ఎంత గట్టిగా ఉంది? సగటు లౌడ్‌నెస్ లెక్క

పెన్నలో ఒక్క రాత్రి వచ్చిన వరదను చూసి "ఈ ఏటిలో ఏడాదంతా నీళ్లే" అంటే మైలవరం డ్యామ్ కింద పొలమున్న రైతు నవ్వుతాడు. ఆడియో ఎడిట్ చేసేటప్పుడు మనలో చాలామంది చేసేది సరిగ్గా అదే. వేవ్‌ఫామ్‌లో ఎక్కువ ఎత్తుకు లేచిన గీత (పీక్) చూసి, దాన్ని సున్నా దగ్గరికి తెచ్చి, "లెవెల్ సెట్ చేసేసినాం" అనుకుంటాం. కానీ మన చెవి పీక్‌ను పట్టించుకోదు. కొంతసేపటి సగటు శక్తిని బట్టి గట్టిగా ఉందో లేదో చెప్తుంది.

సగటు అనగానే డెసిబెల్స్ అన్నీ కూడి భాగించేయకండి, ఫస్టియర్ వాళ్లు ముఖ్యంగా! ఒక క్లిప్‌లో సగం సేపు మైనస్ 20, మిగతా సగం మైనస్ 40 ఉందనుకోండి. మామూలు సగటు మైనస్ 30. అది తప్పు. డెసిబెల్‌ను ముందు శక్తిగా మార్చాలి: 0.01, 0.0001. వీటి సగటు 0.00505. తిరిగి లాగరిథమ్‌లోకి తెస్తే మైనస్ 23 దగ్గర తేలుతుంది. అంటే గట్టిగా ఉన్న సగమే దాదాపు లెక్కంతా తినేసింది.

ఇప్పుడు ఆ మైనస్ 40 భాగం మాటే కాదు, మాటకూ మాటకూ మధ్య ఫ్యాను గాలి అనుకోండి. మనిషి మాట్లాడింది మైనస్ 20లో. మీటర్ చూపింది మైనస్ 23. ఎంత ఎక్కువ ఆగి మాట్లాడితే లెక్క అంత కిందికి జారుతుంది. దీనికోసమే గేటింగ్ వచ్చింది. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ బీఎస్.1770 అనే కొలత ప్రమాణం తెచ్చింది. 2011 సవరణలో దానికి రెండు గేట్లు పెట్టింది. ఆడియోను 400 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి, మైనస్ 70 కంటే చిన్నవి ముందే తీసేస్తారు. మిగిలినవాటి సగటు కట్టి, దానికి 10 కిందున్న ముక్కల్ని కూడా తీసేసి, మళ్లీ సగటు కడతారు. మన క్లిప్‌లో మొదటి సగటు మైనస్ 23, హద్దు మైనస్ 33. ఫ్యాను గాలి గేటు బయటే ఆగిపోతుంది. జవాబు మైనస్ 20.

సగటు కట్టేముందు కె-వెయిటింగ్ అనే ఫిల్టర్ కూడా ఉంటుంది. బాగా కింది బేస్‌ను తగ్గించి, సుమారు 2 కిలోహెర్ట్జ్ పైనున్న దాన్ని 4 డెసిబెల్స్ వరకు పెంచుతుంది. మన తల ఆకారం వల్ల శబ్దంలో వచ్చే మార్పుకు అది లెక్క. ఇంత చేశాక వచ్చే అంకెకు ఎల్‌యూఎఫ్‌ఎస్ అని పేరు (అమెరికా వాళ్లు ఎల్‌కేఎఫ్‌ఎస్ అంటారు; రెండూ ఒకటే).

ఇక అసలు విషయం, ఎన్‌కోడింగ్. డాల్బీ డిజిటల్ (ఏసీ-3) ఫైల్‌లో డయల్‌నార్మ్ అని 1 నుంచి 31 వరకు ఒక అంకె ఉంటుంది. "ఈ కార్యక్రమంలో మాటల సగటు ఇంత" అని ఎన్‌కోడర్ డీకోడర్‌కు రాసిచ్చే చీటీ అది. డీకోడర్ ఆ చీటీ చూసి, మాటలన్నిటినీ మైనస్ 31కి దించుతుంది. 27 అని ఉంటే 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, 20 అని ఉంటే 11. ఆడియోను ముట్టుకోకుండానే ఛానెల్ మార్చినా మాట ఒకే ఎత్తులో ఉంటుంది. భలే ఆలోచన, చీటీలో నిజం రాసినంతవరకు! మాట మైనస్ 20లో ఉన్న ప్రకటనకు 31 అని రాస్తే డీకోడర్ ఏమీ తగ్గించదు. పక్క కార్యక్రమం కంటే 11 డెసిబెల్స్ ఎక్కువగా మోగుతుంది. 10 పెరిగితేనే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. మన దేశంలో 1994 కేబుల్ టెలివిజన్ నియమాలు ప్రకటన మరీ "గట్టిగా" ఉండకూడదన్నాయి, కానీ ఆ వాక్యంలో అంకె లేదు. అమెరికాలో 2010 చట్టం మాత్రం కొలత పద్ధతితో సహా పట్టుకుంది.

అబద్ధం రాయకపోయినా చీటీ తప్పవచ్చు. మన సినిమానే తీసుకోండి. మాటలు మైనస్ 27లో, పాటలూ ఫైట్లూ మైనస్ 17లో, చెరి సగం. మొత్తం కొలిస్తే మైనస్ 19.6. గేటు ఇక్కడ సాయం చేయదు, ఎందుకంటే మాటలు హద్దుకు పైనే ఉన్నాయి. చీటీలో 20 రాస్తే డీకోడర్ 11 తగ్గిస్తుంది, మాట మైనస్ 38కి పడిపోతుంది. అప్పుడే ఇంట్లో జేజి, "సౌండు పెంచు నాయనా, ఏమంటాండారో ఇనపడల్యా" అంటుంది. పెంచిన రెండు నిమిషాలకు ఫైటొస్తుంది. చెవుడు అని ఆమెను అనేస్తాం గానీ, 7 డెసిబెల్స్ తప్పు ఎన్‌కోడర్ దగ్గర కూర్చున్నవాడిది. సినిమాకు మాటల భాగాన్నే విడిగా కొలిచి 27 అని రాయాలి. యూరప్ వాళ్ల ఆర్128 పద్ధతి (2010) మొత్తం కార్యక్రమాన్ని మైనస్ 23కి తెమ్మంటుంది. వార్తలకు, చర్చలకు అది చక్కగా సరిపోతుంది. మన సినిమాలకు మాత్రం మాటల్నే కొలవడం న్యాయమని నా అభిప్రాయం.

ఇదంతా టీవీ వాళ్ల గోల అనుకోకండి. మైలవరానికి ఎగువన గండికోట రిజర్వాయర్ ముంపులో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయినాయి. ఆ ఊళ్ల పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వీధుల పేర్లూ తిరునాళ్ల ముచ్చట్లూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటే, అది మళ్లీ దొరికే సరుకు కాదు. ఆ రికార్డింగ్‌లో అవ్వ గొంతు మైనస్ 32లో ఉంది, మధ్యలో ఒకసారి తలుపు ధడేల్‌మని పడి పీక్ మైనస్ 1కి వెళ్లింది అనుకోండి. పీక్ నార్మలైజ్ నొక్కితే పెరిగేది ఒక్క డెసిబెల్. మైనస్ 23కి తేవాలంటే 9 పెంచాలి. పెంచితే తలుపు చప్పుడు ప్లస్ 8కి పోయి పగిలిపోతుంది. కాబట్టి ముందు ఆ తలుపు చప్పుడు ఒక్కటే ఎంచుకుని 20 డెసిబెల్స్ తగ్గించండి. తర్వాత ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌కు వెళ్లి మైనస్ 23 ఇవ్వండి. అసలు ఫైల్ మీద సేవ్ చేయకండి, కాపీ మీదే పని చేయండి. అవ్వ ఆగిన చోట్లు కత్తిరించవద్దు. మీటర్ వాటిని లెక్కలోంచి వదిలేస్తుంది, వినేవాళ్లు వదలరు.