విద్యుత్ పెట్టెకు మూత బిగించుట

మన యిండ్లలో మెయిన్ స్విచ్చియు, ఫ్యూజులును ఉండు ఇనుప పెట్టెను నిత్యము చూచుచున్నాము. దాని మూతకు నాలుగు స్క్రూలుండవలసిన చోట రెండే యున్నను దీపములు వెలుగుచునే యుండును. కావున ఆ లోపమును మనము లెక్కచేయము. కాని మూత అందమునకు గాక ప్రాణరక్షణకై ఏర్పడినది.

మూత వదులైనచో సందులు ఏర్పడును. వాన తుంపరలు, చీమలు, బల్లులు లోనికి పోవును. పసిబిడ్డల సన్నని వేళ్లును దూరవచ్చును.

ఒక స్క్రూ పోయినచో చేతికందిన వేఱొకదానిని బిగించుట మనకు అలవాటు. ఇది మిక్కిలి అపాయకరము. పొడవైన మొనగల స్క్రూ లోపలి తీగ తొడుగును చీల్చి రాగిని తాకవచ్చును. మూత అంచున తీగ నలిగినను ఇదియే ఫలము. అప్పుడు మూతకు 230 వోల్టుల విద్యుత్తు సోకును. ఎర్తు తీగ సరిగా నున్నచో అధిక విద్యుత్తు దానిగుండా పాఱి ఫ్యూజు కరగిపోవును. ఎర్తు లేనిచో ఏమగును?

తడిచేతితో మూతను తాకినవాని దేహనిరోధము 1,000 ఓములనుకొందము. 230ని 1,000చే భాగింపగా 0.23 ఆంపియరు వచ్చును. ఇంతమాత్రమునకు 5 ఆంపియర్ల ఫ్యూజు కరగదు; మనుష్యుని ప్రాణము పోవుటకు మాత్రము ఇది చాలును. ఫ్యూజు తీగలను కాపాడును గాని మనలను కాపాడజాలదు. 30 మిల్లీఆంపియర్ల లీకును కనిపెట్టి విద్యుత్తును ఆపు ఆర్.సి.సి.బి. అను సాధనము ఇండ్లలో అమర్చదగినదే. అయినను అది మూతకు బదులు కాదు.

మెయిన్ స్విచ్చిని ఆపినను, మీటరునుండి దానికి వచ్చు తీగలలో విద్యుత్తు ఉండనే యుండును. కావున లైసెన్సు గల ఎలక్ట్రీషియనే ఆ పెట్టెను విప్పవలెను. అతడు మూత బిగించునపుడు పెద్దలు ఈ విషయములను గమనింపవలెను:

1. తీగలు మూత అంచున పడకుండ లోనికి సర్దవలెను.

2. పాత స్క్రూ ఎంత పొడవో, దాని మర యెట్టిదో, క్రొత్తదియు అట్టిదే కావలెను.

3. లోహపు మూతకు ఎర్తు తీగ యున్నచో దానిని మరల తగిలింపవలెను.

4. స్క్రూలను ఎదురెదురు మూలలలో కొంచెము కొంచెముగా బిగింపవలెను. ప్లాస్టిక్ మూతను అతిగా బిగించినచో పగులును.

విద్యార్థులు పెట్టెను తాకరాదు, కాని చూడవచ్చును. నేడు ఇంటికి పోయి, దూరమునుండియే స్క్రూలను లెక్కింతము. ఒక్కటి తక్కువైనను వెంటనే పెద్దలకు చెప్పుదము.