ఆ పుర్రె ఇంట్లో వద్దమ్మా

బుజ్జమ్మా,

ఫోటో అందింది. అహోబిలం కొండల్లో నడుస్తుంటే పిల్లలకి పుర్రె దొరికిందనీ, చిన్నవాడు అది పులిదేనని పట్టుబట్టాడనీ చదివి సంతోషించాను. చివరికి వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టారా? అడవిలో దొరికింది ఇంటికి తెస్తారా తల్లీ! కోపం కాదులే. నీకెవరూ చెప్పి ఉండరు.

ముందు వాడికి జవాబు చెప్పు. అది పులిదీ కాదు, చిరుతదీ కాదు. పిల్లి జాతిది పొట్టి మొహం. మీకు దొరికిందానికి మూతి పొడుగు. అంతకంటే గట్టి సాక్ష్యం పళ్లు. పై దవడలో ఒక్కో పక్క పిల్లి జాతికి ఎనిమిది, కుక్క జాతికి పది. పళ్లు రాలిపోయినా గుంటలు మిగులుతాయి, వాటిని లెక్కపెట్టమను. ఫోటోలో నాకు పది కనిపించాయి. కుక్క జాతే.

నా దిగులంతా ఇక్కడే. కింది దవడలో ఊరకుక్కకి పక్కకి పదకొండు పళ్లు, నల్లమలలో తిరిగే రేచుకుక్కకి పదే. మీకు కింది దవడ దొరకలేదు. అది లేకుండా, ఉత్త ఫోటో చూసి, ఇన్నేళ్లు పశువైద్యం చేసిన నేనే తేల్చలేను. రేచుకుక్కదైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. చేతికొచ్చిన 48 గంటల్లో అటవీ అధికారికో, పోలీసు స్టేషన్లోనో చెప్పి అప్పగించాలి. దానంతటది రాలిపడిన దుప్పి కొమ్మునైనా దాచుకోకూడదు.

మీ నాన్నకీ చిన్నప్పుడు ఇదే పిచ్చి. చెరువు గట్టున గేదె పుర్రె చూసి, పై ముందుపళ్లు ఎవరో పీకేశారని ఏడ్చాడు. మీ తాతయ్య వాణ్ని కొట్టంలోకి తీసుకెళ్లి మన గేదె పై పెదవి ఎత్తి చూపించారు. అక్కడ పళ్లే ఉండవు, గట్టి చిగురే. ఆవుకీ మేకకీ దుప్పికీ కణితికీ అంతే. అడవిపందికి మాత్రం పైనా కిందా ఉంటాయి. ఆ రోజు నుంచి వాడు ఏ పుర్రె కనబడ్డా ముందు నోరే చూసేవాడు.

పిల్లల ఆసక్తి మాత్రం చంపకు. మీ వీధి మేక నోరు చూపించు, తర్వాత అడవిలో ఎముకలు వాళ్లకే అర్థమవుతాయి. ఇంకోసారి పుర్రె కనబడితే పక్కన చెప్పు పెట్టి, సైజు తెలిసేలా, పైనుంచీ పక్కనుంచీ ఫోటోలు తియ్యి. అంగిలి కనబడాలంటే పుల్లతో తిప్పు, చేత్తో వద్దు. ఇంకా మాంసం అంటుకుని ఉంటే దగ్గరికే పోనివ్వకు. దొమ్మ రోగం క్రిములు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. నీకు చాదస్తం అనిపించినా సరే, ఈ ఒక్కటీ విను.

రేపు పొద్దున్నే అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లి, ఎక్కడ దొరికిందో ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చేయి. పిల్లల్నీ తీసుకెళ్లు. ఇచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న