చేతులకి తెలిస్తే చాలదు

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. కారు మా పెదనాన్నగారి అబ్బాయి నడుపుతున్నాడు. తెల్లవారుజామున సూర్యాపేట దాటాక పొగమంచు కమ్మేసింది. "కొంచెంసేపు ఆగుదాం అన్నయ్యా" అన్నాను. "ఈ రోడ్డు నా చేతులకి తెలుసురా" అన్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఎదురుగా రోడ్డు మీదే ఆగి ఉన్న లారీ. వెనక ఒక్క లైటు లేదు. అన్నయ్య బ్రేకు తొక్కాడు. లారీకీ మాకూ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా మిగిలింది. ఆ తర్వాత ఒక టీ కొట్టు దగ్గర ఎండ వచ్చేదాకా కూర్చున్నాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అన్నయ్యకి కార్ల పిచ్చి. ఇప్పుడు పైలట్ ట్రైనింగ్‌లో చేరబోతున్నాడు. "కారు బాగా నడిపేవాడికి విమానం ఎంతలే" అంటాడు. ఆ మాటలో నిజమెంతో తెలుసుకుందామని, కార్లూ విమానాలూ రెండూ నడిపిన ఇద్దరు ఫార్ములా వన్ ఛాంపియన్ల గురించి చదివాను. చదివింది మీతో పంచుకుంటున్నాను. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి, చదువంతా ఇంగ్లిష్ మీడియమే.

గ్రాహమ్ హిల్, పైపర్ ఆజ్‌టెక్

బ్రిటన్‌కి చెందిన గ్రాహమ్ హిల్‌కి 24 ఏళ్ళు వచ్చేదాకా డ్రైవింగ్ లైసెన్సే లేదు. అలాంటివాడు 1962లో, 1968లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మొనాకో, ఇండియానాపొలిస్ 500, లె మాన్స్, ఈ మూడూ గెలిచిన డ్రైవర్ ఇప్పటికీ ఆయన ఒక్కడే. రేసులకి తన సొంత విమానంలోనే వెళ్ళేవాడు. దాని పేరు పైపర్ ఆజ్‌టెక్. రెండు ఇంజిన్లు, ఆరు సీట్లు ఉండే చిన్న విమానం.

1975లో రేసింగ్ మానేసి సొంత టీమ్ మీద దృష్టి పెట్టాడు. ఆ ఏడాది నవంబర్ 29న ఫ్రాన్స్‌లో కొత్త కారుని టెస్ట్ చేసి, టీమ్‌తో కలిసి రాత్రిపూట లండన్ దగ్గరున్న ఎల్‌స్ట్రీకి వస్తున్నాడు. నడిపేది ఆయనే. కింద దట్టమైన పొగమంచు. రన్‌వే చేరకముందే విమానం ఒక గోల్ఫ్ మైదానం దగ్గర చెట్లకి తగిలి కూలిపోయింది. ఆరుగురూ చనిపోయారు. వాళ్ళలో టోనీ బ్రైజ్ అనే 23 ఏళ్ళ డ్రైవర్ కూడా ఉన్నాడు.

విచారణలో బయటపడిన విషయం నన్ను బాగా ఆలోచనలో పడేసింది. బయటేమీ కనిపించనప్పుడు మీటర్లు చూసి విమానం నడపడానికి వేరే అర్హత ఉంటుంది. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు. హిల్ రేటింగ్ గడువు అప్పటికే అయిపోయింది. విమానం రిజిస్ట్రేషన్ కూడా చెల్లుబాటులో లేదు. దాంతో ఇన్సూరెన్స్ రాలేదు, చనిపోయినవాళ్ళ కుటుంబాలు హిల్ ఆస్తి మీద కేసులు వేశాయి. రేటింగ్ ఉండుంటే ప్రమాదం జరిగేది కాదని నేను అనను, అది ఎవరూ తేల్చలేరు. కానీ ఆ రేటింగ్ ఎందుకు పెట్టారో తెలుసుకోవాలి.

కారు నడిపేటప్పుడు మన ఒళ్ళే మనకి చాలా చెబుతుంది. టైరు జారితే నడుముకి తెలుస్తుంది. మేఘంలో ఆ ఒళ్ళే మోసం చేస్తుంది. మన చెవి లోపల ఉండే ద్రవం బ్యాలెన్స్ చెబుతుంది కదా, అది నిదానంగా జరిగే మలుపుని పట్టుకోలేదు. విమానం ఒక పక్కకి ఒరిగి తిరుగుతున్నా మనకి తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. అప్పుడు నమ్మాల్సింది మీటర్లనే. "నాకు అలా అనిపించట్లేదే" అనే మాటకి అక్కడ విలువ లేదు. అలా నమ్మడం పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. నేర్చుకున్నాక కూడా సాధన తప్పకూడదు. గడువు పెట్టేది అందుకే.

నికీ లౌడా, బోయింగ్ 767

ఆస్ట్రియాకి చెందిన నికీ లౌడా 1976 ఆగస్టు 1న నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద మంటల్లో చిక్కుకుని చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఆ ట్రాక్ ప్రమాదకరమని, రేసు వద్దని ముందే అన్నవాడు ఆయనే. ఆరు వారాల్లో మళ్ళీ కారెక్కాడు. అదే ఏడాది జపాన్‌లో ఆఖరి రేసు రోజు కుండపోత వాన. లౌడా రెండు ల్యాపులు తిరిగి కారు దిగిపోయాడు. ఒక్క పాయింట్ తేడాతో టైటిల్ జేమ్స్ హంట్‌కి పోయింది. అన్నయ్య దృష్టిలో ఇది పిరికితనం. నాకు మాత్రం అప్పుడే ఆయనలో పైలట్ కనిపించాడు.

1979లో లౌడా ఎయిర్ అనే సొంత విమాన సంస్థ పెట్టాడు. ఓనర్‌గా కూర్చోలేదు, కమర్షియల్ లైసెన్స్ తీసుకుని తన సంస్థ జెట్ విమానాలు తనే నడిపాడు. 1991 మే 26న ఆ సంస్థ బోయింగ్ 767 ఒకటి బ్యాంకాక్ నుంచి వియన్నాకి బయల్దేరిన కాసేపటికే గాలిలో ముక్కలైంది. లోపలున్న 223 మందీ చనిపోయారు. ఆ రోజు నడిపింది లౌడా కాదు, కానీ వెంటనే థాయ్‌లాండ్ వెళ్ళి శకలాల మధ్య తిరిగాడు.

కారణం థ్రస్ట్ రివర్సర్ అని తేలింది. విమానం నేల మీద దిగాక ఇంజిన్ గాలిని ముందువైపుకి మళ్ళించి వేగం తగ్గించే ఏర్పాటు అది. ఎడమ ఇంజిన్‌ది పైకెక్కుతుండగా గాలిలోనే తెరుచుకుంది. అలా తెరుచుకున్నా పైలట్ అదుపు చేయగలడని అంతకుముందు నమ్మకం. ఎందుకంటే టెస్ట్ చేశారు, పాసయింది. కానీ ఆ టెస్ట్ తక్కువ వేగంలో, తక్కువ ఎత్తులో చేసింది. మన సీఎస్ఈ వాళ్ళ భాషలో చెప్పాలంటే, చిన్న ఇన్‌పుట్‌కి ప్రోగ్రామ్ సరిగ్గా నడిచింది కాబట్టి పెద్ద ఇన్‌పుట్‌కి కూడా నడుస్తుందనుకోవడం. ల్యాబ్‌లో మనందరం చేసే తప్పే. అక్కడ మాత్రం ఆ తప్పుకి 223 ప్రాణాలు పోయాయి.

లౌడా అమెరికా వెళ్ళి సిమ్యులేటర్‌లో అదే పరిస్థితి పెట్టించుకుని తనే నడిపి చూశాడు. పదే పదే ప్రయత్నించాడు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన చేతులు అవి. ఒక్కసారి కూడా విమానాన్ని కాపాడలేకపోయాయి. పైలట్ల తప్పు లేదని ఆయనకి అక్కడ రూఢి అయింది. ఆ మాట బోయింగ్ బయటికి చెప్పేదాకా ఒత్తిడి తెచ్చాడు. ఆ తర్వాత రివర్సర్‌కి అదనపు తాళం పెట్టారు, గాలిలో తెరుచుకోకుండా.

నాకు అర్థమైంది

"నేనైతే కాపాడేవాణ్ణి" అనుకోవడం ఎవరికైనా తేలిక. ఛాంపియన్‌కి ఇంకా తేలిక. లౌడా అలా అనుకుని ఊరుకోలేదు, పరీక్షించుకున్నాడు. ఓడిపోయాడు. ఆ ఓటమినే సాక్ష్యంగా పెట్టి చనిపోయిన పైలట్ల పరువు నిలబెట్టాడు. హిల్ ప్రతిభ ఏ మాత్రం తక్కువది కాదు. కానీ ఆ రాత్రి కావలసింది ప్రతిభ ఒక్కటే కాదు. చేతులకి తెలిసింది ఎంత గొప్పదైనా, తెలియని చోటు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం వేరే విద్య. చెక్‌లిస్టులూ, గడువులూ, రేటింగులూ మనకి విసుగు తెప్పించే కాగితాల్లా కనిపిస్తాయి. నిజానికి అవి ఆ చోటుకి గీసిన గీతలు.

ఈ వ్యాసం ముందుగా అన్నయ్యకే చదివి వినిపించాను. మధ్యలో అడ్డు తగల్లేదు. అయిపోయాక, "ఆ లారీ ఎంత దూరంలో ఆగిందిరా మనకి?" అని అడిగాడు. ఒక మనిషి పట్టేంత అన్నాను. తలూపాడు.

అన్నయ్యా, నువ్వు పైలట్ అయ్యాక నన్ను తప్పకుండా ఎక్కించుకో. పొగమంచు ఉన్న రోజు మాత్రం నేల మీదే ఉందాం. టీ డబ్బులు నేనిస్తా.