విలువ ఒకటి, వేషం ఒకటి

ఈసారి మన గోడపత్రికకి కవితో, కథో కాకుండా స్ప్రెడ్‌షీట్ గురించి రాస్తున్నాను. తెలుగు డిపార్ట్‌మెంట్‌కీ దీనికీ ఏం సంబంధం అని అడగొచ్చు. హాజరు పట్టిక, ఇంటర్నల్ మార్కులు, ఫెస్ట్ చందాలు, టూర్ ఖర్చులు అన్నీ ఇప్పుడు ఎక్సెల్‌లోనే కదా ఉంటున్నాయి. ఆ పట్టికలో మన పేరుకి ఎదురుగా ఒక అంకె కనిపిస్తే నమ్మేస్తాం. ఆ అంకె ఎంతవరకు నిజం, ఎంతవరకు పైపూత అన్నది తెలుసుకోవడం ఆర్ట్స్ వాళ్ళకి కూడా అవసరమే.

ముందు రెండు సంగతులు విడదీద్దాం. సెల్‌లో ఉండేది విలువ. అది మన కంటికి ఎలా కనిపించాలో చెప్పేది ఫార్మాట్. మా ఇంట్లో అమ్మ "ఇరవై అయిదు" అంటుంది, నాన్న కన్నడంలో "ఇప్పత్తైదు" అంటారు. కూరలబ్బాయికి ఇచ్చే డబ్బు మాత్రం ఒకటే. సెల్ కూడా అంతే. లోపల 0.75 ఉంటే ఒక ఫార్మాట్‌లో 0.75 అని, ఇంకో ఫార్మాట్‌లో 75% అని, మరో దాంట్లో ఉత్త 1 అని కూడా కనిపిస్తుంది. మూడు చోట్లా విలువ మారలేదు, వేషం మారింది.

తేదీ విషయంలో ఈ వేషం ఇంకా గట్టిది. మామూలు సెట్టింగుల్లో ఎక్సెల్ 1900 జనవరి 1ని 1 అనుకుని అక్కణ్ణుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. 15-08-1947 అని మనం టైపు చేస్తే అది లోపల దాచుకునేది 17394 అనే అంకెని. 26-01-1950 అంటే 18289. మనకి కనిపించే రోజు, నెల, సంవత్సరం అంతా ఆ అంకెకి తొడిగిన చొక్కా.

ఇప్పుడు అసలు పాఠం. ఏ2 సెల్‌లో తేదీ ఉందనుకోండి. పక్కన ఖాళీగా ఉన్న సెల్‌లో =ఏ2+15 అని కొడితే పదిహేను రోజుల తర్వాతి తేదీ వస్తుంది. ఆ సెల్‌కి తేదీ ఫార్మాట్ పెట్టమని మనం చెప్పలేదు. ఏ2ని చూసి అదే తెచ్చుకుంది. రూపాయల ఫార్మాట్‌లో ఉన్న సెల్స్‌ని సమ్ ఫార్ములాతో కూడితే మొత్తం కూడా రూపాయల గుర్తుతోనే వస్తుంది. ఇది ఎక్సెల్ మనకి చేసే సాయమే. ప్రతి సెల్‌కీ విడిగా ఫార్మాట్ పెట్టే పని తప్పుతుంది.

మన వ్యాకరణంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, వాళ్ళు వచ్చారు. వచ్చు అనే ధాతువు ఒకటే. కర్తని బట్టి చివర మారుతోంది. ఫార్ములా సెల్ కూడా తను ఆధారపడిన సెల్‌ని బట్టి రూపం తెచ్చుకుంటుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. వాక్యంలో కర్తని మారిస్తే క్రియని కూడా మారుస్తాం. ఎక్సెల్ మార్చదు. అది పాటించే పద్ధతి ఇదీ.

ఒకటి, ఫార్ములా కొట్టే సమయానికి ఆ సెల్ జనరల్ ఫార్మాట్‌లో ఉండాలి. ముందే వేరే ఫార్మాట్ పెట్టి ఉంటే దాన్నే ఉంచుకుంటుంది.

రెండు, ఫార్ములా కొట్టి ఎంటర్ నొక్కినప్పుడే ఆ రూపం అంటుకుంటుంది. అది ఒక్కసారి జరిగే పని.

మూడు, తర్వాత మూల సెల్‌లో విలువ మారితే ఫార్ములా సెల్‌లో విలువ మారుతుంది. మూల సెల్‌లో ఫార్మాట్ మారితే మాత్రం ఫార్ములా సెల్ ఫార్మాట్ మారదు. అంటే విలువకి బంధం ఉంది, వేషానికి లేదు.

ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు ఇది చేసి చూడండి. ఏ2లో 15-08-1947, బీ2లో 26-01-1950 పెట్టండి. సీ2లో =ఏ2 అని కొట్టండి. స్వాతంత్ర్యం వచ్చిన తేదీ కనిపిస్తుంది. ఇప్పుడు అదే సీ2లో ఫార్ములా చెరిపి =బీ2-ఏ2 అని రాయండి. స్వాతంత్ర్యానికీ గణతంత్రానికీ మధ్య ఎన్ని రోజులో రావాలి. కానీ సెల్‌లో కనిపించేది 13-06-1902! లెక్క తప్పలేదు. జవాబు 895 రోజులు, అది లోపల సరిగ్గానే ఉంది. ఇందాక అంటుకున్న తేదీ చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది కాబట్టి, 1900 నుంచి లెక్కపెట్టి 895వ రోజు ఏదో చూపిస్తోంది. ఫార్మాట్‌ని జనరల్‌కి మారిస్తే 895 బయటికి వస్తుంది.

ఈ తప్పు ఎవరికైనా తెలిసిపోతుంది, ఎందుకంటే 1902 చూడగానే నవ్వొస్తుంది. అసలు ప్రమాదం నవ్వు రాని చోట ఉంది. హాజరు సంగతి తీసుకుందాం. ఒక అమ్మాయి 130 క్లాసుల్లో 97కి వచ్చిందనుకుందాం. 97ని 130తో భాగిస్తే 0.74615 చిల్లర. శాతం బటన్ నొక్కితే దశాంశాలు లేకుండా 75% అని కనిపిస్తుంది. ఇంకో షీట్‌లో తుది జాబితా తయారు చేసేవాళ్ళు ఆ సెల్‌ని ఫార్ములాతో తెచ్చుకుంటారు. దానికి కూడా దశాంశం లేని శాతం ఫార్మాట్ వచ్చేస్తుంది, అక్కడా 75%. పక్క కాలమ్‌లో "75% గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అర్హురాలు" అని ఇఫ్ ఫార్ములా ఉంది. ఆ ఫార్ములా వేషాన్ని చూడదు, విలువని చూస్తుంది. 0.746 అనేది 0.75 కంటే తక్కువ. అందుకని 75% అని రాసి ఉన్న వరసలోనే "అర్హత లేదు" అని వస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చి "నాకు డెబ్బై అయిదు ఉంది కదా మేడమ్" అంటే ఆమె అబద్ధం ఆడటం లేదు. "కంప్యూటర్ లేదంటోంది" అన్నవాళ్ళదీ అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే సెల్‌ని చూస్తున్నారు, ఒకరు వేషాన్ని, ఒకరు విలువని. రెండు దశాంశాలు చూపించి 74.62% అని ప్రింట్ తీసి ఉంటే ఈ మాటే వచ్చేది కాదు. ఒక్క క్లాసు తక్కువైందని ఆమెకి ముందే తెలిసేది. 98 అయితే 75.38%, ఏ గొడవా లేదు. 74.62ని 75గా లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది నిబంధనలు చూసి మనుషులు తేల్చాల్సిన విషయం. తీసుకోవాలంటే రౌండ్ అనే ఫంక్షన్ ఉంది, అది నిజంగా విలువనే మారుస్తుంది. శాతం బటన్ మార్చేది చూపుని మాత్రమే. ఆ నిర్ణయం ఎవరూ తీసుకోకుండా ఒక బటన్ తీసుకున్నట్టు కనిపించడమే ఇక్కడ చిక్కు.

ఇంకో చిన్న చిక్కు టెక్స్ట్ ఫార్మాట్‌తో వస్తుంది. ముందు సున్నాలు పోకూడదని రిజిస్టర్ నంబర్ల కాలమ్‌కి టెక్స్ట్ ఫార్మాట్ పెడతాం. జనరల్‌లో ఉన్న సెల్‌లోకి ఆ నంబర్‌ని ఫార్ములాతో తెచ్చుకుంటే, ఆ సెల్‌కి కూడా టెక్స్ట్ ఫార్మాట్ అంటుకోవచ్చు. మొదటిసారి జవాబు బాగానే వస్తుంది. తర్వాత ఏదో దిద్దుదామని లోపలికి వెళ్ళి ఎంటర్ నొక్కితే జవాబు పోయి ఫార్ములానే అక్షరాలుగా నిలబడుతుంది. ఫార్మాట్‌ని జనరల్ చేసి మళ్ళీ ఎంటర్ కొడితే సరిపోతుంది.

అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఇలాగే ఉండవు. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో ఫార్ములా సెల్ జనరల్‌గానే ఉంటుంది. ఫలితం తేదీయా, డబ్బా, శాతమా అని లెక్కని బట్టి గ్రహించి అలా చూపిస్తుంది. తేదీలోంచి తేదీ తీసేస్తే వచ్చేది రోజుల సంఖ్య అని దానికి తెలుసు, ఉత్త అంకె ఇస్తుంది. కాబట్టి ఇంట్లో ఒకటి, ల్యాబ్‌లో ఇంకొకటి వాడేవాళ్ళకి ఒకే ఫార్ములా రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

గుర్తుంచుకోవడానికి నాలుగు అలవాట్లు:

జవాబు వింతగా ఉంటే ఫార్ములాని చెరపకముందే ఫార్మాట్ చూడండి. ఎక్సెల్‌లో కంట్రోల్, 1 కలిపి నొక్కితే ఆ కిటికీ తెరుచుకుంటుంది.

అసలు విలువ తెలియాలంటే సెల్‌ని కాసేపు జనరల్‌కి మార్చండి.

మూల కాలమ్‌లో ఫార్మాట్ మార్చినప్పుడు దాన్ని వాడుకున్న ఫార్ములా సెల్స్‌లో కూడా మీ చేత్తోనే మార్చండి. అది దానంతట అది రాదు.

ఎవరికైనా నష్టమో లాభమో తేల్చే అంకె అయితే దశాంశాలు దాచకండి.

చివరగా ఒక చిన్న అభ్యాసం. ఒక బిల్లు షీట్‌లో రెండు సెల్స్‌లో 10, 10 అని కనిపిస్తున్నాయి. కింద మొత్తం 21 అని ఉంది. ఎవరూ తప్పు చేయలేదు, కంప్యూటర్ పాడవలేదు. ఆ రెండు సెల్స్ లోపల ఏ విలువలు ఉండి ఉండొచ్చు? మొత్తం దగ్గర దశాంశాలు ఎందుకు కనిపించడం లేదు? పై వ్యాసం చదివినవాళ్ళు జవాబుని ఈ కాగితం కిందే పెన్సిల్‌తో రాయండి.

- బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని