కావిళ్ల బజారులో ఒక్కదాన్నే

రా చెల్లీ, ఇలా కూర్చో. మొన్న ఎడ్లపాడు బస్టాపులో అడిగావు గుర్తుందా, "అక్కా, పరాయి దేశాలు ఒక్కదానివే తిరిగొచ్చావటగా, తిండికేం చేశావు?" అని. అంతలోనే పేట బస్సొచ్చింది, ఎక్కేశావు. నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. అదే ఇవాళ తీరిగ్గా చెప్తా.

తిండికేం చేయడమేమిటి, తిండి కోసమే పోయాను. నలభై ఎనిమిదేళ్లొచ్చాక, చీటీ పాడిన డబ్బుతో, పన్నెండు రోజులు. బ్యాంకాక్, హనోయ్, పెనాంగ్. కానీ నువ్వు అడగాలనుకున్నది అది కాదు, నాకు తెలుసు. ఆడమనిషి ఒక్కతే బజార్లో కూర్చుని ఎట్లా తిన్నదీ అని. మనం అట్లా ఎప్పుడు తిన్నాం? అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది పళ్లెంలోకి ఊడ్చుకుని, పొయ్యి గట్టు దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగుతాం. హైవే మీద ఇన్ని హోటళ్లున్నాయి కదా, పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కదాన్నే వెళ్లి భోజనం చెప్పిన రోజు నాకు లేదు.

హనోయ్‌లో మొదటి పొద్దున గది దిగేసరికి వీధి నిండా కావిళ్లు. నిజంగా కావిళ్లే! వెదురు బద్దకి అటొక తట్ట, ఇటొక తట్ట. ఒక తట్టలో పళ్లు, ఇంకో దాంట్లో ఆకుకూరలు, కొన్నిట్లో పొయ్యీ గిన్నెలూ సహా ఒక హోటలే. మోసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లు. చిన్నప్పుడు మా తాత భుజాన చూసిన కావిడి మళ్లీ అక్కడ కనిపించింది. ఆ పాతబస్తీలో వీధుల పేర్లు చాలావరకు 'హాంగ్' అని మొదలవుతాయి. సరుకు అని అర్థం. వెండి అమ్మిన వీధి ఒకటి, చక్కెర అమ్మిన వీధి ఒకటి, ఇట్లా సరుకు పేరే వీధి పేరు. మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని 'ఫో' తిన్నాను. ఎముకల రసం గంటల తరబడి కాచి, సన్నటి బియ్యప్పిండి నూడుల్స్ మీద పోసి, పైన ఆకులు చల్లి ఇస్తారు. పక్కన ఒక ముసలామె, ఎదురుగా ఆఫీసు పిల్ల. ఇద్దరూ ఒంటరిగానే తింటున్నారు. ఎవరి గిన్నె వాళ్లది. నన్నెవరూ తలెత్తి చూడలేదు. ఆ చూడకపోవడం ఎంత హాయిగా ఉందో ఏమని చెప్పను? చివరి చుక్క దాకా తాగి, ఇంకో పది నిమిషాలు అట్లాగే కూర్చున్నాను.

ఇప్పుడు బీరు సంగతి. దాచను.

అక్కడ 'బియా హోయ్' అని ఒకటుంది. ఏ రోజుకారోజు పీపాల్లో వస్తుంది, నిలవుండదు. మామూలు సీసా బీరు కంటే పలచన. బుడగలు బుడగలుగా ఉండే ఆకుపచ్చ గాజు గ్లాసులో పోసి, ఉడికించిన వేరుశనక్కాయలు పక్కన పెడతారు. తా హియెన్ అనే వీధి మూల సాయంత్రమైతే జాతరే, స్టూళ్లు రోడ్డు మీదికొచ్చేస్తాయి. నేను ఆ సందడికి కాస్త ఇవతల, ఒకామె నడుపుకునే చిన్న కొట్లో కూర్చున్నాను. ఒక్క గ్లాసు, గంటన్నర.

మనకి తాగుడు మాట వింటేనే కడుపులో ఎందుకు కలుక్కుమంటుందో నాకు తెలియదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీదికి పోయినప్పుడు నాకు పదిహేనేళ్లైనా లేవు. ఆ కబుర్లు వింటూ మా అమ్మ ఏడవడం గుర్తుంది. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, రెండేళ్లకి మళ్లీ తెరిచారు. మగాడి కూలి డబ్బుని, ఇల్లాలి ఒంటిని కలిపి మింగిన సారా అది. ఆ పోరాటం చేసినవాళ్లకి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. హనోయ్‌లో నా చేతిలో ఉన్నది నా డబ్బుతో, నా ఇష్టంతో, ఎవరి అన్నమూ కొల్లగొట్టకుండా తాగిన ఒక్క గ్లాసు. రెండూ ఒకటి కాదని అక్కడ కూర్చున్నాకే నాకు తెలిసింది. నువ్వు తాగమని చెప్పడం లేదమ్మా. చెరుకురసం ఉంది, నిమ్మకాయ టీ ఉంది, గుడ్డు సొన గిలకొట్టి పోసిన కాఫీ ఉంది. పాలు దొరకని 1946లో ఒక హోటల్లో పనిచేసే ఆయన కనిపెట్టిన కాఫీ అది. ఏది తాగినా కూర్చుని తాగు, తొందరపడకు.

ఇంకో ముచ్చట. వియత్నాం మాటల్లో నువ్వు, నేను అని ఊరికే అనరు. అన్నీ వరసలే. పెద్దదైతే 'చి', అంటే అక్క. చిన్నవాళ్లయితే 'ఎమ్'. పెద్దదానితో మాట్లాడే పిల్ల తనని తాను కూడా 'చెల్లి' అనే చెప్పుకుంటుంది. బీరు పోసే పిల్ల నన్ను మొదటి మాటే 'చి' అంది. భాష రాని ఊళ్లో ముక్కూమొహం తెలియని పిల్ల అక్కా అని పిలిస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి చెల్లీ.

బ్యాంకాక్ పెద్ద ఊరు, ఎండ మనదే. యావరాత్ అనే చైనా బజారులో రెండు రాత్రులు నడిచాను. అక్కడ నా ప్రాణం లేచొచ్చింది రోలు చప్పుడుకి. 'సోమ్ తమ్' అంటారు, సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. పచ్చి బొప్పాయి కోరు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, ఎండ్రొయ్యలు, తాటి బెల్లం, చేపల ఊట, నిమ్మరసం, అన్నీ రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచుతారు. 'నామ్ ప్రిక్' అయితే అచ్చం మన రోటిపచ్చడే. మిరపకాయ వాళ్లదీ కాదు, మనదీ కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో అమెరికా నుంచి వచ్చిందే. ఇప్పుడు మన గుంటూరు మిరప ఆ దేశాలకే ఎగుమతవుతోంది. మన మండలం వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు ఉందిగా, దాని ముందునుంచి ఎన్నిసార్లు పోలేదు మనం!

పెనాంగ్‌లో మళ్లీ కావిడే ఎదురైంది. 'నాసి కాందార్' అంటే కావిడి అన్నం. తమిళ ముస్లిములు ఒకప్పుడు అన్నం, కూరలు భుజాన మోసుకొచ్చి రేవు కూలీలకి అమ్మేవాళ్లు, ఆ పేరే నిలిచిపోయింది. కానీ నా మనసు దోచింది 'ఆసమ్ లక్సా'. చింతపండు చేపల పులుసులో నూడుల్స్ వేసి, పుదీనా, అనాసపండు ముక్కలు చల్లినట్టుంటుంది. పెనాంగ్ ఉన్న ఆ మలేషియాలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, తోటల్లో కూలికి వెళ్లి స్థిరపడినవాళ్ల మనవలు, మునిమనవలు. పెరాక్ రాష్ట్రం బాగాన్ దతుక్ వైపు కొబ్బరితోటల్లో ఎక్కువ. 1955లోనే సంఘం పెట్టుకుని తెలుగు నిలుపుకుంటున్నారు. వాళ్ల ముత్తవ్వలు ఓడెక్కినప్పుడు తిరిగొస్తామో రామో తెలియదు. నేను రానూపోనూ టికెట్టుతో పోయాను. అది తలుచుకుంటే గొంతు పట్టేసింది.

ఆ దేశాలతో మనకి రాకపోకలు కొత్తవా? మన కొండవీటినే తీసుకో. అక్కడి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం, కస్తూరి, గంధం తెప్పించిపెట్టిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం ఆయనకే అంకితమిచ్చాడు. అందులో తవాయి, తరుణాసీరి అని ఊళ్ల పేర్లొస్తాయి, బర్మా దక్షిణ తీరపు రేవులవి. చీనా పట్టూ వస్తుంది. ఆరొందల ఏళ్ల కిందటే మన గుట్ట కిందికి ఆ దేశాల సరుకు దిగింది. మనం మాత్రం గుంటూరు దాటాలంటే తోడు వెతుక్కుంటాం.

జాగ్రత్తలు చెప్పకపోతే నీకు నిద్ర పట్టదు. ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని తింటున్న చోటే కూర్చో. గ్లాసు నీ కళ్ల ముందే నింపాలి. వదిలి లేచావా, మళ్లీ దాన్ని ముట్టుకోకు. బ్యాగు రోడ్డు వైపు భుజానికి వేసుకోకు. హోటల్ కార్డు స్థానిక భాషలో ఉన్నది దగ్గరుంచుకో. హనోయ్‌లో రోడ్డు దాటేటప్పుడు పరిగెత్తకు, ఒకే నడకన మెల్లగా పో, స్కూటర్లే నిన్ను తప్పించుకుని పోతాయి. మాంసం తినకపోతే ఆ మాట వాళ్ల భాషలో కాగితం మీద రాయించుకుని చూపించు. వీసా పద్ధతులు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకో.

వచ్చాక మా అమ్మ అడిగింది ఒకటే. "అక్కడ గోంగూర తింటారా?" అని. బర్మాలో తింటారమ్మా అన్నాను. చిన్‌బాంగ్ అంటారు, వెదురు మొలకలు, రొయ్యలు వేసి వేయిస్తారు. ఆ దేశం కుదుటపడ్డాక రంగూన్ పోవాలనుంది. నువ్వూ రా. పొద్దున్నే కలిసి తిందాం, గోంగూర నీ పళ్లెంలో నేనే వడ్డిస్తా. సాయంత్రాలు మాత్రం ఎవరి వీధి వాళ్లది, రాత్రికి గదిలో కూర్చుని ఎవరేం తిన్నామో చెప్పుకుందాం.